మస్తిష్క రక్తప్రవాహ చిత్రణము – వైద్యుని ప్రశ్న



ఎవరి స్మృత్యర్థమై యేటేట ఈ యుపన్యాసము జరుగుచున్నదో ఆ ఆచార్యునికడ శిష్యరికము చేసినవారిలో నేనును ఒకడను. నాడీవ్యాధుల వార్డులో ఆయన పెట్టిన నియమములు పెక్కు గలవు గాని, వానిలో ఒకటి నేటి విషయమునకు నేరుగా సంబంధించినది. రోగికి ఏ పరీక్ష వ్రాసినను, దాని పేరునకు క్రింద, ఆ పరీక్ష ఏ సందేహమును తీర్పవలెనో ఒక్క వాక్యములో వ్రాయవలెను. ఆ వాక్యము లేని చీటీని ఆయన మరల వార్డునకే పంపెడివారు. ఆ దినములలో మెదడులోని రక్తప్రవాహమును చూపు సాధనమేదియు మాకు అందుబాటులో లేదు. ఇప్పుడు అట్టి సాధనములు మూడు నాలుగు విధములవి పెద్ద పట్టణములందెల్ల లభించుచున్నవి. సాధనములు పెరిగినకొలది ఆ నియమమునకు విలువ పెరిగినదే గాని తరుగలేదని నా నమ్మకము. ప్రవాహచిత్రము రోగమును చూపదు; ప్రవాహమును మాత్రమే చూపును. ప్రవాహమునుండి రోగమునకు పోవు త్రోవను వైద్యుడే వెదకుకొనవలెను. ఆ త్రోవ కొన్ని చోట్ల రాజమార్గమువలె నున్నది, కొన్ని చోట్ల అసలే లేదు. ఎచ్చట నున్నది, ఎచ్చట లేదు అను వివేచనమే ఈ సాయంకాలము నేను మీ యెదుట చేయదలచిన పని.

పెద్దవాని మెదడు సుమారు 1400 గ్రాముల బరువు, అనగా దేహభారములో నూటికి రెండు పాళ్లు. ఐనను గుండె వెలువరించు రక్తములో ఇంచుమించు 15 శాతము, దేహమంతయు వినియోగించు ప్రాణవాయువులో 20 శాతము దానికే చెల్లుచున్నవి. ఇంత వ్యయము గల యవయవమునకు నిలువ యనునది దాదాపు లేదు. నాడీకణము తన సంకేతముల నడుపుకొనుటకు వలయు శక్తిని ఏ.టీ.పీ. అను రసాయనమునుండి గ్రహించును. ఆ పదార్థమును కండరమునుండి వేరుపరచి గుర్తించినవారిలో, భీమవరమున జన్మించి 1920ల చివర హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని ఈ సభలో చెప్పుకొనుట నాకు సంతోషము. ఆ ఏ.టీ.పీ. మెదడులో క్షణక్షణము క్రొత్తగా తయారు కావలసినదే. అందులకు గ్లూకోజు, ప్రాణవాయువు ఎడతెగక రావలసినదే. రక్తము ఆగిన పది సెకండ్లలో స్పృహ తప్పును. కొన్ని నిమిషములలో కణములు నశింప నారంభించును.

ఆరోగ్యవంతుని మెదడులో 100 గ్రాములకు నిమిషమునకు 50 మిల్లీలీటర్ల రక్తము, సగటున, ప్రవహించును. నాడీకణములు క్రిక్కిరిసిన బూడిదరంగు భాగములో ఇంతకన్న ఎక్కువ, తీగలు మాత్రమే యున్న తెల్లని భాగములో చాల తక్కువ. ఈ సంఖ్య 20 దాపునకు దిగినప్పుడు కణము పని మానివేయును గాని చావదు. 10 దాపునకు దిగినప్పుడు చచ్చును. ఈ రెండు సంఖ్యల నడుమ, మాట లేక, కదలిక లేక, ఐనను ప్రాణముతో నున్న ప్రాంతము కలదని 1981లో ఆస్ట్రప్, సీస్యో, సైమన్ అను మువ్వురు ప్రతిపాదించిరి. నేటి పక్షవాత చికిత్స యంతయు ఆ నడిమి ప్రాంతమును కాపాడు ప్రయత్నమే.

గోదావరి డెల్టాలో పుట్టినవారికి ఈ ప్రవాహ నియమము బోధపరచుట సులభము. చేను ఎండిన వైపునకు తూము ఎత్తుదురు. తడిసిన వైపునకు దించుదురు. ప్రధానకాలువలో మట్టము కొంత పెరిగినను తరిగినను, తూముల వలన చేనికి చేరు నీరు సమముగా నుండును. మెదడులోని చిన్న ధమనులు ఇదే పనిని ఎవరి యాజ్ఞయు లేకయే చేయుచున్నవి. రక్తపుపోటు కొంతమేర మారినను ప్రవాహము మారకుండుటకు ఇదియే కారణము. ఆలోచించు భాగమునకు ఆ క్షణమున ఎక్కువ రక్తము చేరుటకును ఇదియే కారణము.

ఈ రెండవ సత్యమును గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది. ఇటలీలో టురిన్ నగరపు శరీరశాస్త్రజ్ఞుడు ఆంజెలో మొస్సో, దెబ్బ తగిలి కపాలములో ఎముక లోపించిన ఒక రైతు తలపై మెదడు స్పందనమును యంత్రముతో నమోదుచేసెను. చర్చి గంటలు విని ఆ రైతు ప్రార్థనను తలచుకొన్నప్పుడు, గుణకారము చేయుమని యడిగినప్పుడు, ముంజేతి నాడిలో మార్పు లేకుండగనే మెదడు స్పందనము పెరుగుట యాతడు చూచెను. 1890లో రాయ్, షెరింగ్టన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు, మెదడు పనిచేయునప్పుడు పుట్టు పదార్థములే అచ్చటి నాళములను విప్పునని వ్రాసిరి. ఆ సిద్ధాంతమునకు నాకు మిక్కిలి ప్రీతియైన నిదర్శనము 1928లో బోస్టన్‌నుండి వచ్చినది: తల వెనుకభాగమున, చూపునకు సంబంధించిన చోట, చిక్కుపడిన రక్తనాళముల ముడి గల ఒక రోగి తలపై స్టెతస్కోపు నుంచి విన్న జాన్ ఫుల్టన్, ఆ రోగి వార్తాపత్రిక చదువునప్పుడు లోపలి రక్తఘోష బిగ్గరయగుటయు, చదువు మానిన కొంతసేపటికి తగ్గుటయు గమనించి ప్రకటించెను. ఖరీదైన యంత్రమేదియు లేదు; చెవి యున్నది, ఓపిక యున్నది, అడుగదగిన ప్రశ్న యున్నది.

కొలత మాత్రము 1940లలో వచ్చినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్, రోగిచేత స్వల్పముగా నైట్రస్ ఆక్సైడును పీల్పించి, మెదడునకు పోవు రక్తములోను, మెడసిరనుండి మరలివచ్చు రక్తములోను దాని మోతాదును నిమిషనిమిషమునకు పోల్చి, మెదడు మొత్తముమీద ప్రవాహమెంతయో లెక్కగట్టిరి. ఐతే అది మొత్తపు లెక్క; ఏ భాగమునకు ఎంతయో చెప్పదు. ఆ లోటును స్కాండినేవియాలో నీల్స్ లాసెన్, డేవిడ్ ఇంగ్వర్ తీర్చిరి. జీనాన్-133 అను రేడియోధార్మిక వాయువును మెడధమనిలోనికి ఎక్కించి, తలప్రక్కన 254 శోధకముల నమర్చి, మనిషి చదువునప్పుడు, మాటాడునప్పుడు, వేళ్లు కదల్చునప్పుడు ఏ యే స్థలములలో ప్రవాహము పెరుగునో 1970లలో రంగుల పటములుగా చూపిరి. అంతవరకు ముఖ్యముగా శవపరీక్షలనుండి ఊహించిన స్థానములు జీవించియున్న మనిషిలో వెలిగినవి.

లాసెనే 1966లో మరియొక సంగతిని గూడ గుర్తించెను. దానిని నా విద్యార్థులకు తప్పక చెప్పుదును. దెబ్బతిన్న మెదడు భాగమునకు రక్తనాళము మరల తెరచుకొన్నప్పుడు, అచ్చటి కణములకు వినియోగించుకొను శక్తి లేకున్నను రక్తము పొంగిపొరలుచుండును. చిత్రములో ఆ చోటు తళతళలాడును. లోపల పని యుండదు. కావున ప్రవాహమును చూచి ప్రాణమును ఊహించుట అన్నివేళల సరికాదు. రాయ్, షెరింగ్టన్ చెప్పిన సంబంధము ఆరోగ్యవంతుని మెదడులో దృఢము. మనము చిత్రము తీయించునది రోగి మెదడును. ఈ ఒక్క భేదమును మరచుటవలననే పెక్కు పొరపాట్లు పుట్టుచున్నవి.

నేడు ఆసుపత్రులలో తఱచు జరుగు స్పెక్ట్ పరీక్షకు ఆధారము టెక్నీషియం-99ఎం అను ఐసోటోపు. ఆ మూలకమును 1937లో సిసిలీ ద్వీపములోని పలెర్మోలో సెగ్రే, పెరియే గుర్తించిరి. బర్క్‌లీ సైక్లోట్రానులో దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకును తెప్పించుకొని దానిలోనుండి వెలికిదీసిరి. టెక్నీషియం-99ఎం యొక్క యర్ధాయువు 6 గంటలు. దీనికి జనకమైన మాలిబ్డినం-99 యొక్క యర్ధాయువు 66 గంటలు. ఈ యంతరము వలననే ఒక జనరేటరు వచ్చిన యాసుపత్రికి వారము పొడుగున ప్రతియుదయము టెక్నీషియం దొరకును. దానిని కొవ్వులో కరగు ఒక సమ్మేళనమునకు తగిలించి సిరలోనికి ఎక్కించినప్పుడు, అది రక్తమునకు మెదడునకు నడుమ నున్న కట్టడిని తొలిరాకలోనే దాటి, కణములలో ప్రవేశించి, అచ్చట రూపము మారి, మరల వెలుపలికి రాజాలక చిక్కుకొనును. ఎచ్చట రక్తము ఎక్కువ ప్రవహించెనో అచ్చట ఎక్కువ చిక్కును. ఇదంతయు ఒకటి రెండు నిమిషములలో ముగియును. ఆ తరువాత గంటలకొలది ఆ పంపిణీ మారదు. సూది వేసిన నిమిషమున మెదడు ఎట్లుండెనో, తీరికగా మధ్యాహ్నము కెమెరా క్రింద పరుండబెట్టి తెలిసికొనవచ్చును.

ఈ లక్షణమునకు మూర్ఛరోగ చికిత్సలో కలిగిన ప్రయోజనము అద్భుతము. మన పల్లెలలో ఫిట్స్ అని పిలుచు ఈ వ్యాధికి మందులు చాలవరకు పనిచేయును; ఐనను రోగులలో ఇంచుమించు మూడవవంతు మందికి రెండు మందులు మార్చినను, మూడు కలిపినను ఫిట్స్ ఆగవు. అట్టివారిలో కొందరికి ఫిట్స్ పుట్టు చోటు మెదడులో ఒక్కటే యుండును. దానిని గుర్తించి శస్త్రచికిత్సతో తొలగింపగలిగిన, దశాబ్దముల బాధ తీరును. గుర్తించుటయే కష్టము. ఎం.ఆర్.ఐ.లో మచ్చ కనబడినచో త్రోవ సుగమము; ఏమియు కనబడని రోగి యెదుట వైద్యుడు నిస్సహాయుడై నిలుచును. ఇచ్చట ప్రశ్న సూదిమొనవలె వాడియైనది: ఫిట్ పుట్టిన క్షణమున మెదడులో ఏ భాగము మండినది?

దానికి జవాబు రాబట్టు విధానమును కొంచెము విస్తరించి చెప్పుట న్యాయము, ఏలయనగా చిత్రముయొక్క విలువ యంతయు ఆ విధానములోనే యున్నది. రోగిని, మెదడు విద్యుత్తును తెరపై గీతలుగా చూపు వీడియో-ఈఈజీ గదిలో చేర్చుకొని, మందులను క్రమముగా తగ్గించి, ఫిట్ రాకకై ఎదురుచూతురు. సీసపు తొడుగులో టెక్నీషియం సిరంజి సిద్ధముగా నుండును. శిక్షణ పొందిన నర్సు మంచముప్రక్కనే కూర్చుండును. ఫిట్ మొదలైన గుర్తు కనబడగానే, రోగి కన్నులు నిలిచిపోయినను, చేయి బట్టలను నలుపుటకు మొదలిడినను, తెరపై గీతలు మారినను, ఆమె క్షణమాలస్యము చేయక సిరలోనికి మందు నెక్కించి, వెంటనే సెలైన్‌తో తోసి, కాలమును గుర్తించును. చేతిసిరలోని మందు మెదడునకు చేరుటకే అరనిమిషము వంటి కాలము పట్టును; ఆ యరనిమిషములో ఫిట్ తన జన్మస్థానమును విడిచి ఇతర భాగములకు పాకవచ్చును. ఆలస్యముగా సూది వేసినచో చిత్రము ఫిట్ పుట్టిన యూరిని గాక, చేరిన యూరిని చూపును. మరికొంత యాలస్యమైన, మండిన చోటే చల్లబడి, రక్తము తగ్గి, తలక్రిందుల సమాచారమిచ్చును. 1998లో ప్రకటింపబడిన ఒక సంగ్రహ పరిశీలనలో, కణతభాగపు మూర్ఛయందు, ఫిట్ నడుచుండగా సూది వేసినప్పుడు స్థానము సరిగా దొరకుట 97 శాతము, ఫిట్ ముగిసిన వెంటనే వేసినప్పుడు 75 శాతము, ఫిట్ లేని వేళ వేసినప్పుడు 44 శాతము అని తేలినది. యంత్రము అదే, మందు అదే. మారినది మంచముప్రక్కనున్న మనిషి చురుకుదనము. అందువలన ఈ పరీక్షలో మొదటి గౌరవము ఆ నర్సుదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

ఫిట్ లేని మరియొక దినమున గూడ సూది వేసి చిత్రము తీసి, మొదటిదానినుండి రెండవదానిని తీసివేసి, మిగిలిన వెలుగును ఎం.ఆర్.ఐ.పై పరచు పద్ధతిని 1990లలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు రూపొందించిరి. కంటికి తోచని చిన్న భేదము దానివలన స్పష్టమగును. అప్పటికిని ఈ చిత్రము ఒంటరిగా తీర్పు చెప్పదు. ఈఈజీ, వీడియో, ఎం.ఆర్.ఐ., జ్ఞాపకశక్తి పరీక్షలు, అన్నియు ఒకే వైపునకు వ్రేలు చూపినప్పుడే శస్త్రవైద్యుడు కత్తి పట్టును. మన దక్షిణదేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1990లనుండి ఇట్టి సమగ్ర చికిత్సను నడుపుచు, మందులు పనిచేయని పేదరోగులకు గూడ శస్త్రచికిత్స అందుబాటులోనికి రాగలదని ఋజువుచేసినది.

పక్షవాతమునందు ప్రశ్న వేరు, గడియారము వేరు. ధమనిలో గడ్డ అడ్డుపడినప్పుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని జెఫ్రీ సేవర్ 2006లో గణించెను. గడ్డను కరగించు మందు మూడు గంటలలోపల ఇచ్చిన మేలు చేయునని 1995లోను, నాలుగున్నర గంటలవరకు గూడ కొంత మేలు గలదని 2008లోను పరీక్షలు తేల్చినవి. తొడధమనినుండి సన్నని గొట్టమును పంపి గడ్డను లాగివేయు చికిత్స ఆరు గంటలలోపల ఫలించునని 2015లో స్థిరపడినది. మరి నిద్రలో పక్షవాతము వచ్చి తెల్లవారి గుర్తించినవారి గతి యేమి? పొలములో పడిపోయి సాయంకాలమునకు గాని కనబడనివారి గతి యేమి? గంటల లెక్కనుబట్టి వారికి చికిత్స లేదని వెనుకటి నియమము. కాని మెదడు గంటలను లెక్కించుకొనదు, ప్రవాహమును లెక్కించుకొనును. ఒకనికి ప్రక్కదారుల ధమనులు బలముగా నుండి, పన్నెండు గంటల తరువాతను నడిమి ప్రాంతము బ్రతికియుండును. మరియొకనికి రెండు గంటలకే అంతయు ముగియును.

ఈ సందర్భమున ప్రవాహచిత్రము గడియారమునకు బదులు సాక్ష్యము పలికినది. సి.టి. యంత్రములో పరుండబెట్టి, అయోడిన్ కలిగిన ద్రవ్యమును వేగముగా ఎక్కించి, ఇంచుమించు ఒక నిమిషమంతయు అవే పొరలను మరల మరల తీసినచో, ఎచ్చట ప్రవాహము ఆరోగ్యభాగములో 30 శాతముకన్న తగ్గినదో అది పోయిన భాగముగను, ఎచ్చట ద్రవ్యము రాక ఆరు సెకండ్లకు మించి యాలస్యమైనదో అది అపాయములో నున్న భాగముగను లెక్కింతురు. రెండింటి వ్యత్యాసమే కాపాడదగిన భాగము. ఈ కొలత నాధారముగ గొని ఆరు మొదలు పదునారు గంటలవరకు గడచినవారిని ఎన్నుకొన్న డిఫ్యూజ్-3 పరీక్షా ఫలితములు 2018లో వెలువడినవి: గడ్డను లాగివేసినవారిలో 45 శాతము మంది మూడు నెలలకు తమ పనులు తామే చేసికొనగల స్థితికి వచ్చిరి, మందులతో మాత్రమే చికిత్స పొందినవారిలో 17 శాతము మంది. ఇరువదినాలుగు గంటలవరకు గడచినవారిని పరిశీలించిన డాన్ పరీక్షలో ఆ సంఖ్యలు 49, 13. వైద్యచరిత్రలో ఇంతటి యంతరము చూపిన పరీక్షలు అరుదు. ఒక చిత్రము, సరియైన ప్రశ్నకు జవాబై, మంచమునకు అంటుకొనిపోవలసిన మనుష్యులను లేపి నడిపించినది.

ఐతే ఇచ్చటను జాగ్రత్త వలయును. గుండె బలహీనమైనవానిలో ద్రవ్యమే మెల్లగా వచ్చును. మెడధమని ముందునుండియే సన్నబడినవానిలో క్రొత్త పక్షవాతము లేకయే ఆలస్యము కనబడును. రోగి తల కదల్చిన లెక్కలన్నియు తారుమారగును. కంప్యూటరు ఇచ్చిన పచ్చని, ఎఱ్ఱని మచ్చలను చూచి, వానికి మూలమైన చిత్రములను చూడకుండ తీర్పు చెప్పు అలవాటు యువవైద్యులలో కనబడుచున్నందుకు నాకు విచారము. పోయిన భాగము పెద్దదైనవారికి గూడ గడ్డను తొలగించుట మేలుచేయునని 2023నాటి పరీక్షలు చూపినవి. కావున చిత్రము పేరు చెప్పి చికిత్సను నిరాకరించుటలో మరింత వెనుకాడవలెను.

చిత్రము సరియైనను చికిత్స తప్పు కావచ్చునని నేర్పిన సంగతి మరియొకటి గలదు. మెడధమని పూర్తిగా మూసికొనిపోయినవారిలో, మెదడు తనకు వచ్చు కొద్దిరక్తమునుండి ప్రాణవాయువును మితిమీరి పిండుకొనుచున్నదని పెట్ అను రేడియోధార్మిక చిత్రణ పరీక్షలో తేలినవారిని మాత్రమే ఎన్నుకొని, నెత్తిచర్మపు ధమనిని మెదడు ధమనికి కుట్టు శస్త్రచికిత్స చేసిచూచిరి. తర్కము నిర్దుష్టము, చిత్రము నిజము. ఐనను 2011లో ప్రకటింపబడిన ఫలితములలో, రెండేండ్లకు పక్షవాతము శస్త్రచికిత్స పొందినవారిలో 21 శాతము, పొందనివారిలో 22.7 శాతము, శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలోనే 14.4 శాతము మందికి పక్షవాతము తగిలినది. అపాయమును గుర్తించుట వేరు, తొలగించుట వేరు అని ఇంత కఠినముగా చెప్పిన పాఠము మరియొకటి నేనెరుగను.

అదే శస్త్రచికిత్స మోయామోయా అను వ్యాధిలో, ముఖ్యముగా పిల్లలలో, నిజముగ మేలుచేయుచున్నది. మెదడు అడుగున పెద్ద ధమనులు క్రమముగా మూసికొని, వానికి బదులు పొగవలె సన్నని నాళములు అల్లుకొను ఈ వ్యాధికి జపాను వైద్యులు ఆ పేరు పెట్టిరి. వేడియన్నమును ఊదుకొన్నప్పుడు, వెక్కివెక్కి ఏడ్చినప్పుడు బిడ్డకు చేయి పట్టుతప్పినచో తల్లి చెప్పు ఆ మాటను వైద్యుడు చెవినొగ్గి వినవలెను. వేగముగా ఊపిరి తీసినప్పుడు రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ధమనులు ముడుచుకొని, అంతంతమాత్రమైన ప్రవాహము మరింత తగ్గుటయే దీనికి కారణము. ఇచ్చట వైద్యుడు రక్తము ఎంత ప్రవహించుచున్నదని అడుగడు. ఇంకను ఎంత పెరుగగలదని అడుగును. అసెటజోలమైడ్ అను మందునిచ్చి ధమనులను విప్పజేసి, అంతకుముందును తరువాతను చిత్రములు తీసి పోల్చుదురు. మందిచ్చినను ప్రవాహము పెరుగని భాగములో ధమనులు ముందే పూర్తిగా విప్పుకొని యున్నవని, చేతిలో మిగులేమియు లేదని యర్థము. ఏ వైపున ముందుగా శస్త్రచికిత్స చేయవలెనో ఆ పోలికయే చెప్పును.

మతిమరుపు వ్యాధులను గూర్చి క్లుప్తముగా చెప్పి ముందునకు పోయెదను. ఆల్జీమర్ వ్యాధిలో కణత, పార్శ్వభాగములలోను, మెదడు మధ్యరేఖకు వెనుకనున్న భాగములోను ప్రవాహము తగ్గును. నుదుటిభాగపు క్షీణతలో ముందుభాగమున తగ్గును. లేనివి ఉన్నట్లు కన్నులకు కనబడు లూయీ కణవ్యాధిలో చూపునకు సంబంధించిన వెనుకభాగమునగూడ తగ్గును. వైద్యునకు రెండు రోగముల నడుమ నిజమైన సందేహము కలిగినప్పుడు ఈ భేదములు సహాయపడును. గ్లూకోజు వినియోగమును చూపు పెట్ ఈ పనిని మరింత బాగుగా చేయుచున్నందున, అది దొరకు చోట స్పెక్ట్ వెనుకబడినది. సామాన్యమైన మరపునకు భయపడి వచ్చిన వృద్ధునకు మొదట కావలసినవి థైరాయిడు, బి-12 పరీక్షలు, వినికిడి పరీక్ష, ఇంటివారితో ఒక గంట సంభాషణ.

ఇక మెదడు మరణమును నిర్ణయించు సందర్భము. మెదడు మరణించినప్పుడు దానిలోనికి సాధారణముగా రక్తమే పోదు. చిత్రములో పుఱ్ఱె ఖాళీగా కనబడును. మన 1994నాటి అవయవమార్పిడి చట్టము, మంచముప్రక్కన ఆరు గంటల వ్యవధితో రెండుమారులు చేయు పరీక్షలనే ప్రమాణముగా గైకొన్నది గాని చిత్రణమును తప్పనిసరి చేయలేదు. నా యభిప్రాయమున అది వివేకవంతమైన నిర్ణయము. జిల్లా ఆసుపత్రిలో గూడ నెరవేర్పదగినది.

ఇక నా మనస్సును మిక్కిలి కలచివేయు విషయమునకు వచ్చెదను. కోపము ఎక్కువైన బాలునకు, చదువుమీద దృష్టి నిలువని విద్యార్థికి, దిగులుతో కుములుచున్న యిల్లాలికి ఈ చిత్రము తీసి, ఇదిగో మీ రోగము, ఇచ్చట రక్తము తక్కువ, అచ్చట ఎక్కువ అని రంగులు చూపి, వేలకువేలు వసూలుచేసి, మందులు నిర్ణయించు వ్యాపారము విదేశములలో కొంతకాలముగా సాగుచున్నది; దాని ప్రకటనలు మన భాషవారి సెల్‌ఫోనులలోనికి గూడ వచ్చుచున్నవి. విదేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు బిడ్డను వెంటబెట్టుకొని ఇట్టి చోట్లకు పోవుటకు ముందు, దయచేసి ఈ క్రింది సంగతులను ఆలోచింపవలెను.

కెటీ తన పద్ధతి సిద్ధము కాగానే స్కిజోఫ్రీనియా రోగులలో మెదడు మొత్తపు ప్రవాహమును కొలిచి, అది ఆరోగ్యవంతులతో సమానముగానే యున్నదని 1948లోనే ప్రకటించెను. 1974లో ఇంగ్వర్, ఫ్రాన్జెన్ దీర్ఘరోగులలో నుదుటిభాగపు ప్రవాహము తక్కువని చూపిరి. ఆ తరువాత వందలకొలది పరిశోధనలు జరిగినవి. రోగుల గుంపు సగటునకును ఆరోగ్యవంతుల గుంపు సగటునకును భేదము పలుమారులు కనబడినది. కాని గుంపు సగటు వేరు, మీ యెదుట కూర్చున్న ఒక్క మనిషి వేరు. ఆరోగ్యవంతులలోనే ప్రవాహము మనిషిమనిషికి ఎంతో మారును; సూది వేయు క్షణమున వాడు భయపడెనా, నిద్రమత్తులో నుండెనా, కాఫీ త్రాగి వచ్చెనా అనుదానినిబట్టి మారును. దిగులునకు, మద్యపానమునకు, తలదెబ్బకు, నిద్రలేమికి ఒకే విధమైన తగ్గుదల కనబడవచ్చును. పైపెచ్చు ఆ రంగులు ప్రకృతి ఇచ్చినవి కావు. ఏ యంకెకు ఏ రంగు వేయవలెనో యంత్రము నడుపువాడు నిర్ణయించును. హద్దును కొంచెము జరిపిన, నునుపైన మెదడులో గుంటలు పడినట్లు కనబడును. తల్లిదండ్రుల గుండె జారుటకు ఆ గుంటలు చాలును. ఒక్క పరీక్షకు శరీరమునకు తగులు కిరణముల మోతాదు సుమారు 7 మిల్లీసీవర్టులు, అనగా ప్రకృతిలో మనకు సగటున రెండు మూడేండ్లలో తగులునంత. తగిన కారణమున్నచో అది పెద్దది కాదు, కారణము లేనిచో బిడ్డకు అది అనవసరము. మానసికవైద్యుల వృత్తిసంఘములు ఈ పరీక్షతో మనోవ్యాధులను నిర్ణయించుటను అంగీకరింపలేదు. వారి నిర్ణయము న్యాయమైనదని నేను పూర్తిగా నమ్ముచున్నాను.

దీనికి సమాధానముగ, చిత్రము చూచిన తరువాత రోగికి ధైర్యము కలిగినది, ఇది నా తప్పు కాదు, రోగమే అని ఊరట కలిగినది అని కొందరు చెప్పుదురు. మనోవ్యాధిగ్రస్తునకు ఆ యూరట అత్యవసరమే. కాని దానిని నిజముతోనే కలిగింపవలెను. దిగులు వ్యాధి యనియు, చికిత్సతో తగ్గుననియు, రోగి తప్పు కాదనియు చెప్పుటకు రంగులచిత్రము అక్కరలేదు. ఒక వైద్యుడు నలుబది నిమిషములు తలుపు మూసికొని వినిన చాలును. ఆ నలుబది నిమిషములు మన ఆసుపత్రులలో దొరకకపోవుటయే ఈ వ్యాపారమునకు సందు కల్పించుచున్నది. ఆ నింద మన వైద్యలోకము మీద గూడ పడును.

ఎం.ఆర్.ఐ.లో సూదిమందుగాని రేడియోధార్మిక ద్రవ్యముగాని లేకయే, మెడలోని రక్తమునకే అయస్కాంతపు గుర్తు వేసి ప్రవాహమును కొలుచు పద్ధతి 1992లో వచ్చి నేడు పరిణతి పొందినది. పిల్లలకు, మరల మరల పరీక్ష అవసరమైనవారికి, మూత్రపిండములు చెడినవారికి అది వరప్రసాదము. హైదరాబాదులో నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలలో న్యూక్లియర్ మెడిసిన్ శాఖ యున్నది. ట్రాంబేలోని అణుశక్తి సంస్థలు ఐసోటోపులను చిరకాలముగ సమకూర్చుచున్నవి. యంత్రముల కొరత క్రమముగా తీరును. ఫిట్ వచ్చిన క్షణమున సూది వేయు నర్సు, మూలచిత్రములను చూచు రేడియాలజిస్టు, తల్లి మాట వినిపించుకొను వైద్యుడు, వీరిని తయారుచేయుటకు మాత్రము ప్రత్యేకముగా పూనుకొనవలెను. ఈ యుపన్యాసమునకు ఆధారమైన ధర్మనిధినుండి మిగులు వడ్డీని అట్టి శిక్షణకు వినియోగింపుడని నిర్వాహకులకు నా విన్నపము.

సభలోని సామాన్యులకు రెండు మాటలు మనవిచేసి విరమించెదను. ఇంటిలో ఎవరికైనను ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవులు పెట్టుటకు పరుగెత్తకుడు. మనిషిని ఒక ప్రక్కకు ఒత్తిగించి, గాలి తగులనిచ్చి, ఒకరు సెల్‌ఫోనులో వీడియో తీయుడు. మొదట ఏ చేయి కదలినదో, తల ఏ వైపునకు తిరిగినదో చూపు ఆ వీడియో వైద్యునకు ఎంతయో విలువైనది. నోరు వంకర తిరిగినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, పసరుమందుకో పావురపు నెత్తురు మర్దనకో పోక, సి.టి. యంత్రము, గడ్డను కరగించు మందు ఉన్న యాసుపత్రికే నేరుగా రండు. వచ్చినప్పుడు, ఆ మనిషిని చివరిసారి ఆరోగ్యముగా చూచిన వేళ యెంతయో, చూచినదెవరో కనుగొని, ఒక కాగితముపై వ్రాసి వైద్యుని చేతిలో పెట్టుడు.